రాణిగారి మీసం

గోదారి గట్టు తెగి లంకలు కొట్టుకుపోయిన వరదకి అది నాలుగో ఏడు. మాఘమాసం. గురువారం పొద్దున్న లొల్ల లాకుల దగ్గర ధాన్యం పడవ దిగిన ఆడమనిషి ఏడుపు, కాలవగట్టు మీదున్న వీరాస్వామి ఇంటికి మనిషికన్నా ముందే చేరింది.

"ఓ నాన్నో! నన్నొదిలేసి వెళ్ళిపోయావా నాన్నో! ఆఖరిచూపైనా దక్కనియ్యలేదే నాన్నో!"

వీరాస్వామి అరుగు మీద కూర్చుని కొబ్బరిపీచు తాడు పేనుతున్నాడు. తలెత్తి చూశాడు. జుట్టు విరబోసుకుని గుండెలు బాదుకుంటూ వస్తున్నది యానాంలో ఇచ్చిన కూతురు వీరవేణి. వెనకాల అల్లుడు పల్లంరాజు, చంకలో కొత్త పంచె మడత. కర్మలో పెట్టడానికి తెచ్చిన పంచె అది. వాళ్ళిద్దరికీ వెనకాల, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా పడవ చిట్టియ్య.

వీరవేణి గుమ్మం ముందుకొచ్చి, అరుగు మీద మనిషిని చూసి, తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయింది.

"ఇక్కడే ఉన్నానే," అన్నాడు వీరాస్వామి. "కాళ్ళు కడుక్కో."

ఆమె కాళ్ళు కడుక్కోలేదు. తండ్రి కాళ్ళ మీద పడి, పోయాడనుకున్నప్పటికన్నా ఎక్కువ ఏడ్చింది.

సూరమ్మ గరిటె చేత్తోనే లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది. "ఎవరే నీకు చెప్పింది? ఏ నోరే ఆ మాటన్నది?"

చిట్టియ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "నేనేనండి. సోమవారం పడవ లాకులు దాటుతుంటే రేవులో సత్తిరాజు బాబు కనపడ్డాడండి. మూతి మీద మీసం లేదు. తడిబట్టలు. ఇంకేం అడగనండి? అడగడానికి నోరెలా వస్తదండి? యానాం వెళ్ళాం కదా అని అమ్మాయి గారికి చెప్పేశాను."

అతన్ని తప్పు పట్టడానికి లేదు. తల్లో తండ్రో పోతే తప్ప ఆ ఇళ్ళల్లో మగవాడి మీసం మీద కత్తి పడదు. తండ్రి బతికుండగా నున్నని మూతితో తిరిగేవాణ్ణి ఎవరూ ఎరగరు. ఎవరైనా అదే అనుకుంటారు.

"పోన్లెండి," అన్నాడు చిట్టియ్య భయంభయంగా. "బతికున్న మనిషి పోయాడంటే గండం గడిచినట్టేనంటారండి. నూరేళ్ళ ఆయుష్షు."

"నువ్వు ముందు పడవెక్కు," అంది సూరమ్మ.

చిట్టియ్య వెళ్ళిపోయాడు. వీరవేణి లేచి కొంగు నడుముకి దోపింది. "ఏడీ వాడు?"

సత్తిరాజు గదిలోంచి వచ్చాడు. పాతికేళ్ళవాడు, తండ్రిలాగే పొడుగు. ఎండకి కాలిన మొహంలో పై పెదవి మీద మాత్రం వెలిసిన గుడ్డలా తెల్లటి చార. అక్కకేసి చూసి తల వంచుకున్నాడు.

"రాణిగారికి దణ్ణాలండీ," అన్నాడు పల్లంరాజు. "పల్లకీ ఎక్కడ పెట్టించమంటారు?"

"బావా, నీకిది వేళాకోళమా?"

"నాకెందుకు వేళాకోళం? పోయాడని తెలిసి పంచె కొన్నాను. మనిషి తాడు పేనుతున్నాడు. ఈ పంచె ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

వీరవేణి తమ్ముడి ఎదురుగా నిలబడింది. "నిన్ను కన్న తండ్రి ఎదురుగుండా కూర్చునుంటే మూతి ఎలా గొరిగించుకున్నావురా? ఆ మంగలి బుల్లియ్యకి చెయ్యెలా ఆడింది?"

"వాడు ఒప్పుకోలేదక్కా. మూడు సార్లు బతిమాలాను."

"ఓహో! బతిమాలి మరీ నాన్నని చంపించావన్నమాట."

"నిరుడు తీర్థంలో ఏం జరిగిందో నువ్వు చూళ్ళేదు." సత్తిరాజు తలెత్తాడు. "బడి మేష్టారు రాసిన నాటకంలో నేను రాణిని. మీసం కనపడకుండా బియ్యప్పిండి ముద్ద మెత్తారు. అడవిలో బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఏడవాలి. నిజంగానే ఏడుస్తున్నాను. నా ఎదురుగా కూర్చున్న ముసలమ్మలు కూడా ఏడుస్తున్నారు. అంతలో చెమటకి పిండి కరిగి ఒక పక్క మీసం బయటపడింది. 'రాణిగారికి మీసం మొలిచిందిరోయ్!' అని ఎవడో అరిచాడు. తీర్థం తీర్థమంతా నవ్వింది. మేష్టారు తెర దింపేశారు."

"అయితే?"

"ఏడాదయిందక్కా. ఇప్పటికీ నేను లాకుల మీదనుంచి నడిస్తే మీసం దువ్వుకుంటూ నవ్వుతారు. ఎల్లుండి శనివారం మళ్ళీ అదే నాటకం. అదే చోట ఏడవాలి నేను. ఈసారి ఎవడూ నవ్వకూడదు."

"నాటకం మానెయ్యరా అంటే మీసం మానేశాడు," అన్నాడు పల్లంరాజు.

తలుపు వెనకనుంచి కోడలు అమ్మణ్ణి మెల్లగా అంది: "నాలుగు రోజుల్నుంచి రేవులో నీళ్ళకెళ్తే చాలండి వదినగారూ, 'మీ మావగారు బాగున్నారా' అని ఒకరి తరవాత ఒకరు. బిందె నిండేలోపల ఏడుగురు అడిగారు."

"విన్నావా?" అంది సూరమ్మ కొడుకుతో. "నలుగురి నోట్లో నానితే నిజమైపోతుందిరా. శనివారం నువ్వు ఆ చీర కట్టావంటే నేను గోదాట్లో..."

అని ఆగిపోయింది.

గోదాట్లో పడటమన్న మాట నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ అనరు. వీరాస్వామి చేతిలో పేనుతున్న తాడు కూడా నిలిచింది.

ఆ వరదలో పోయింది వీరాస్వామి తల్లి చెల్లాయమ్మ. లంకలో అరటితోట దగ్గర పాకలో ఉండేది. నీళ్ళు పైకి వస్తుంటే వీరాస్వామి చిన్న పడవ వేసుకుని వెళ్ళాడు. పడవలో చోటు తక్కువ. "ముందు దూడల్ని దింపిరారా, నేనెక్కడికి పోతాను?" అందావిడ. దూడల్ని గట్టెక్కించి మళ్ళీ వెళ్ళేసరికి పాక లేదు, తోట లేదు, లంకే లేదు. శవం దొరకలేదు. పదిమందీ కర్మ చెయ్యమన్నారు. దర్భబొమ్మ చేసి దహనం చెయ్యొచ్చని పురోహితుడూ చెప్పాడు. వీరాస్వామి ఒక్కటే మాటన్నాడు: "ఏ గట్టునో పట్టుకునుంటుంది. వస్తుంది." తల తీయించుకోలేదు. మీసం తీయించుకోలేదు. దూడల్ని దింపిన ఆ చిన్న పడవలో మళ్ళీ సరుకెత్తలేదు. అది రేవులో ఖాళీగా కట్టేసి ఉంటుంది. ఏటా మాఘంలో దానికి కొత్త తాడు పేనుతాడు.

"నాన్నా," అన్నాడు సత్తిరాజు. "నువ్వొక్క మాట చెప్పు. వద్దంటే మానేస్తాను. తిట్టు. రెండు దెబ్బలు వెయ్యి. ఆదివారంనుంచీ నా మొహంకేసి చూడ్డం లేదు నువ్వు."

వీరాస్వామి తాడు కొస పళ్ళతో బిగించి ముడేశాడు. కొడుకు పక్కనుంచే నడుచుకుంటూ, మొహం చూడకుండానే, పెరట్లోకి వెళ్ళిపోయాడు.

సత్తిరాజు తుండుగుడ్డ భుజాన వేసుకుని వీధిలోకి దిగాడు.

"చూశావా, మళ్ళీ ఆ నాటకాలవాళ్ళ దగ్గరికే!" అంది వీరవేణి.

*

మధ్యాహ్నం భోజనాల దగ్గర సత్తిరాజు పీట ఖాళీగా ఉంది.

"మీరెళ్ళండి," అంది సూరమ్మ. "వాణ్ణి చెవి పట్టుకు తీసుకురండి. ఆ పార్థసారథి మేష్టారికి కూడా నాలుగు అక్షింతలు వెయ్యండి. బడిలో పిల్లలకి పాఠాలు చెప్పుకోక, పెళ్ళయినవాళ్ళకి చీరలు కట్టడమేంటి?"

వీరాస్వామి అన్నం తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళాడు.

లాకుల పక్కన కాలవని ఆనుకుని ధాన్యం కొట్టు ఉంది. ధాన్యం పడవలకెక్కిపోయి కొట్టు ఖాళీ అయింది. ఆ ఖాళీలోనే నాటకాలవాళ్ళు బల్లలు పరుచుకుని ఆడుకునేవారు. శనివారం నాటకమూ అక్కడే. కాలవ వైపు గోడ లేదు, తాటాకు తడికే. వీరాస్వామి గుమ్మం దాకా వెళ్ళలేదు. తడిక పక్కన ఆగాడు. లోపలినుంచి ఆడగొంతు వినపడింది.

"నన్నడగడానికి నువ్వెవడివిరా? నేనెక్కడికి పోతాను? ఈ అడవి నాది, ఈ ఆకలి నాది!"

వీరాస్వామి తడిక సందులోంచి చూశాడు.

బల్లల మీద సత్తిరాజు. రంగు పూసుకోలేదు, నగలు పెట్టుకోలేదు. పాత నేతచీర, అంతే. ఎడంచెయ్యి నడుం మీద ఆనించి, కుడికాలు కాస్త ఈడుస్తూ అటునుంచి ఇటు నడిచాడు. కోపమొచ్చినప్పుడు కొంగు కొస పళ్ళ మధ్య పెట్టుకుని, మాట అనేముందు దాన్ని ఉమ్మేసినట్టు వదిలాడు.

ఆ కాలు చెల్లాయమ్మది. పశువుల కొట్టంలో ఆవు తన్నితే విరిగి సరిగ్గా అతుక్కోని కాలు. ఆ కొంగు కొస కూడా ఆవిడదే.

ఆదివారం పొద్దున్న గుమ్మంలో మీసం లేని కొడుకుని చూసినప్పుడు వీరాస్వామికి కోపం రాలేదు. ఇంట్లోవాళ్ళంతా కోపమనుకున్నారు. ఆ మొహంలో తల్లి కనపడింది. అదే పలచటి పెదవి, అదే గడ్డం. నాలుగేళ్ళుగా ఏ పడవ వచ్చినా లోపల వెతుక్కున్న మొహం తన గుమ్మంలోనే నిలబడితే ఏం మాట్లాడాలో అతనికి తెలియలేదు. అందుకని తాడు పేనుతూ కూర్చున్నాడు.

"ఎవరది?" అని మేష్టారు తడిక ఇవతలికి వచ్చాడు. వీరాస్వామిని చూసేసరికి చేతిలో కాయితాలు జారాయి. "రండి, రండి వీరాస్వామి గారూ! కూర్చోండి. ఏమర్రా, పీట తీసుకురండి! మీరు కోపంగా ఉన్నారని తెలుసు. తప్పంతా నాది. కానండీ, మీ అబ్బాయి లేకపోతే నాకు నాటకం లేదండి. ఇంకొకడున్నాడు, మా వేంకటేశ్వర్లు. వాడు పాడితే లాకు తలుపు తీసినట్టుంటుంది."

మూల కూర్చున్న వేంకటేశ్వర్లు, "నేను రానంటే మీరే కదండీ రమ్మన్నారు," అన్నాడు.

వీరాస్వామి వాళ్ళ మాటలు వినడం లేదు. లోపలికి నడిచి బల్లల ముందు నిలబడ్డాడు. ఆదివారంనుంచీ మొదటిసారి కొడుకు మొహంకేసి చూశాడు.

"ఈ నడకెవరు నేర్పారు?"

సత్తిరాజు చీర కుచ్చెళ్ళు పట్టుకుని బల్ల దిగాడు. "ఎవరూ నేర్పలేదు నాన్నా. రాణుల్ని నేనెక్కడ చూశాను? ఇంట్లో చూసింది నాయనమ్మనే."

వీరాస్వామి చూపు కొడుకు కుడికాలి మీదకి దిగింది.

"నిరుడు మీసం ఉన్నప్పుడు ఎంత తిప్పలు పడ్డా ఆవిడ రాలేదు. ఏదో ఆడవేషం వచ్చింది, అంతే. ఆదివారం తీయించుకుని అద్దం చూసుకున్నాను. ఆవిడే చూస్తోంది. నాకే ఒళ్ళు జలదరించింది."

"ఆవిణ్ణి నలుగురిలో ఆడిస్తావా?"

"ఆడించడం కాదు నాన్నా..."

"వచ్చి చూస్తే ఏమనుకుంటుంది?"

సత్తిరాజు నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. "ఆవిడ రాదు నాన్నా. నాలుగేళ్ళయింది. ఇంక రాదు. వస్తుందనుకుంటే నేనెందుకు తెచ్చుకుంటాను?"

వేంకటేశ్వర్లు లేచి బయటికి వెళ్ళిపోయాడు. మేష్టారు కిందపడ్డ కాయితాలు ఏరుతున్నట్టు వంగి, ఇంక లేవలేదు.

వీరాస్వామి చెయ్యి ఎత్తాడు. కొడతాడనుకున్నారు. కొడుకు భుజం మీదనుంచి జారిన చీర కొంగు తీసి మళ్ళీ భుజం మీద వేశాడు. తిరిగి వచ్చినదారినే వెళ్ళిపోయాడు.

*

"ఏమన్నాడు?" అంది సూరమ్మ.

"ఏమీ అనలేదు."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు."

"ఆ మాత్రం దానికి వెళ్ళడమెందుకండీ? నేనే వెళ్ళుందును!"

దీపాలు పెట్టేవేళకి సత్తిరాజు వచ్చాడు. కాళ్ళు కడుక్కుని తిన్నగా తల్లి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మేష్టారికి చెప్పేశానమ్మా. శనివారం వేంకటేశ్వర్లు కడతాడు. మీసం ఎలాగూ వస్తుంది. నేనింక ఆ బల్లలెక్కను."

సూరమ్మ దేవుడి గూటికేసి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. వీరవేణి తమ్ముడి నెత్తి నిమిరింది. "మా తమ్ముడు బంగారం. పొద్దున్న కోపంలో ఏదో అన్నాన్రా."

"హమ్మయ్య," అన్నాడు పల్లంరాజు. "లాకు తలుపు పాట వినాలంటే మాత్రం నేను శనివారం దాకా ఉండను, రేపే పోతాను."

వీరవేణి పీట వాల్చింది.

సత్తిరాజుకి వడ్డించారు. కంచం ముందు కూర్చుని అన్నం కలిపాడు, కలుపుతూనే ఉన్నాడు. ముద్ద ఎత్తలేదు. అమ్మణ్ణి మజ్జిగ ముంత పట్టుకుని ఆ చెయ్యికేసి చూస్తూ నిలబడింది. ఆమె కళ్ళనుంచి నీళ్ళు బొటబొటా రాలాయి.

"నీకేమైందే?" అంది సూరమ్మ. "నువ్వే కదా రేవులో అడుగుతున్నారని ఏడ్చావు!"

"అదీ ఏడుపేనండి, ఇదీ ఏడుపేనండి," అంది అమ్మణ్ణి. "ఈయన నాటకం మానేస్తే నాకేం మిగల్దండి. ఆడి వచ్చిన రోజునే నాతో మాట్లాడతారు. తక్కిన రోజులు అచ్చం వాళ్ళ నాన్నగారే, నోట మాటుండదు."

సూరమ్మ చుట్టూ చూసింది. అరుగు మీద వీరాస్వామికి ఆ మాట వినపడిందో లేదో తెలియలేదు.

కాసేపటికి అరుగు మీదనుంచి గొంతు వచ్చింది. "బుల్లియ్య పొద్దున్నే రేవుకి వస్తాడా?"

"వస్తాడు. ఏం?" సూరమ్మ గుమ్మంలోకి వచ్చింది. "వాణ్ణేం చెయ్యకండి. పేదవాడు. బతిమాలితే గీశాడు, అంతే!"

అరుగు మీద మంచం కిర్రుమంది.

*

శుక్రవారం తెల్లవారేసరికి వీరాస్వామి మంచం ఖాళీ. మొదట లాకులకి అవతల పురోహితుడి ఇంటికి వెళ్ళాడని తరవాత తెలిసింది. అక్కడినుంచి రేవుకి వచ్చాడు. పల్లంరాజు తెచ్చిన కొత్త పంచె చంకలో ఉంది.

బుల్లియ్య అప్పుడే మెట్ల మీద పొది విప్పుకుని కత్తి నూరుతున్నాడు. వీరాస్వామి నీడ మీద పడేసరికి లేచి రెండు చేతులూ జోడించాడు.

"తప్పైపోయిందండి బాబూ. పిల్లోడు కాళ్ళట్టుకున్నంత పని చేశాడండి. ఇంకెప్పుడూ ముట్టుకోనండి."

వీరాస్వామి అతని ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "తియ్యి."

"ఏంటండీ?"

"తలా, మీసం."

బుల్లియ్య చుట్టూ చూశాడు. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు బిందెలు నీళ్ళల్లో పెట్టి అలాగే ఉండిపోయారు. చిట్టియ్య పడవ మీద గడ పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇయాల శుక్రవారమండి!"

"చావుకి వారమేంటి?"

"చావేంటండీ? మీ నాన్నగారు పోయి ముప్పయ్యేళ్ళయిందాయె!"

"మా అమ్మ పోయింది."

"అయ్యో! ఎప్పుడండీ?" అలవాటుకొద్దీ అనేసి బుల్లియ్య నాలిక కరుచుకున్నాడు.

"వరదలో," అన్నాడు వీరాస్వామి.

నాలుగేళ్ళలో ఆ మాట అతని నోట ఎవరూ వినలేదు. బుల్లియ్య నీళ్ళు తీసుకుని మీసం తడిపాడు. కత్తి ఎత్తి ఆగాడు. వీరాస్వామి ఆ మణికట్టు పట్టుకుని మూతి దగ్గరికి తెచ్చుకున్నాడు. నెరిసిన మీసం మెట్టు మీద రాలింది.

పని అయ్యాక లేచి నీళ్ళలో దిగి మూడు మునకలు వేశాడు. గట్టెక్కి కొత్త పంచె కట్టుకున్నాడు.

అప్పటికి సత్తిరాజు పరుగెత్తుకొచ్చాడు. వెనకాల సూరమ్మ, వీరవేణి, పల్లంరాజు. గట్టు మీద వీరాస్వామి, బోడితల, బోసిమూతి. పెళ్ళాం కూడా ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక మెట్ల మీద కూలబడింది.

"అయ్యో మావయ్యగారూ, ఆ పంచె..." అన్నాడు పల్లంరాజు.

"కొత్తది. పాడుచెయ్యడం ఎందుకు?" అన్నాడు వీరాస్వామి. తరవాత పడవకేసి తిరిగి గొంతెత్తాడు. "చిట్టియ్యా! ఎక్కడెక్కడ చెప్పావో అక్కడంతా మళ్ళీ చెప్పు. ఈ ఇంట్లో పోయింది చెల్లాయమ్మ. కొడుకూ మనవడూ ఆవిడకే తీయించుకున్నారు. నా కొడుకు నన్ను చంపలేదు."

"ఆయ్, చెప్తానండి," అన్నాడు చిట్టియ్య, కళ్ళు తుడుచుకుంటూ.

సూరమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. "ఇప్పుడు మొదలెడితే మైల కదండీ!"

"పంతులుగార్ని అడిగాను. ఏడాది దాటిన చావుకి మనవడికి తలమునక చాలంట. మునిగితే శుద్ధి. కొడుక్కే పది రోజులు." కొడుకు వైపు తిరిగాడు. "దిగు. మునిగిరా. వేంకటేశ్వర్లు పాడితే నేను వినలేను."

"మరి నువ్వు?" అన్నాడు సత్తిరాజు. "మైలలో నలుగురి మధ్యకి ఎలా వస్తావు? చూడవా నాన్నా?"

వీరాస్వామి కట్టుకొయ్య దగ్గరికి వెళ్ళి వంగాడు. నాలుగేళ్ళుగా సరుకెత్తని చిన్న పడవ తాడు విప్పాడు. ముడి బిగిసిపోయింది, గోళ్ళతో, పళ్ళతో లాగాడు. వచ్చింది. గడ పుచ్చుకుని ఒక్క తోపు తోశాడు. ధాన్యం కొట్టు తాటాకు తడికకి అవతల, కాలవ వైపు ఆపి, నిన్న పేనిన కొత్త తాడుతో అక్కడ కట్టాడు. పడవలో కూర్చుని ఒకసారి తడిక సందులోంచి లోపలికి చూశాడు. బల్లలు కనపడుతున్నాయి.

రేవులో సత్తిరాజు ఆఖరి మెట్టు మీద ఉన్నాడు. నీళ్ళు పాదాల మీదకి వచ్చి పోతున్నాయి. ఒక్క మునక మునిగితే నాయనమ్మ పోయినట్టే. మునక్కపోతే రేపు రాణి లేదు.

గట్టు మీదనుంచి అందరూ అతనికేసే చూస్తున్నారు. పడవలోంచి తండ్రి కూడా చూస్తున్నాడు.